నల్లా దాకా వచ్చిన నీరు గ్లాసు దాకా ఎందుకు రాలేదు?

మిర్యాలగూడలో మా ఖాలా ఇంటి ముందు నల్లా ఉంది. వంటింట్లో ఇరవై లీటర్ల క్యాను ఉంది. నల్లా నీళ్లు బట్టలకు, గిన్నెలకు, వుజూకు. తాగడానికీ, చాయ్‌కీ క్యాను నీళ్లు. మొన్నొక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు అడిగాను: "ఖాలా, నల్లా నీళ్లు శుద్ధి చేసే వదులుతున్నారు కదా, తాగొచ్చు కదా?" ఆమె గ్లాసు నా ముందు పెట్టి, "ఎవరు చెప్పిన్రు బేటా?" అన్నారు.

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నాకు జవాబు తోచలేదు. పైపు వేసిన కాంట్రాక్టరు చెప్పలేదు, మీటరు చూడడానికి వచ్చినవాడు చెప్పలేదు, ఓటు అడగడానికి వచ్చినవారు నీళ్లు తెచ్చామని చెప్పారు గాని తాగొచ్చని చెప్పలేదు. కోట్ల రూపాయల పథకం ఆమె గుమ్మం దాకా వచ్చింది. ఒక్క నమ్మకమైన మాట మాత్రం రాలేదు.

మంచినీటి పథకానికి గాని, మరుగుదొడ్ల పథకానికి గాని రెండు రకాల మాటలు కావాలి. మొదటిది, నీరు లేనివారి తరఫున పాలకుల ముందు నిలబడి ఒప్పించే మాట. రెండోది, నీరు వచ్చాక ఇంట్లోవారితో కూర్చుని మాట్లాడే మాట. ఈ రెండూ ఒకటి కావు. వినేవారు వేరు, చెప్పే తీరు వేరు. మన నల్లగొండ జిల్లా మొదటి మాట విషయంలో దేశానికే పాఠం చెప్పింది. రెండో మాట దగ్గర మాత్రం వెనుకబడింది. ఎందుకు వెనుకబడిందో ఆలోచించడం ఇప్పుడు అవసరం.

ముందుగా గతం. తాగునీటిలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లు గారపట్టడం, ఎముకలు వంగిపోవడం మన దేశంలో మొదట నమోదైంది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల్లో. 1945 నాటికి నిజాం సంస్థానంలోనూ ఈ వ్యాధి రికార్డులకెక్కింది. ఆ తర్వాత పదేళ్లకు, 1955 డిసెంబరు 10న, జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా ఖమ్మం వైపు సాగిపోయింది. పొలాలు పచ్చబడ్డాయి, రైసు మిల్లులు వెలిశాయి. అదే జిల్లాలో మెట్టన ఉన్న మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ ప్రాంతాలకు ఆ నీరు ఎక్కలేదు. అక్కడివారు బోరు మీద బోరు వేసుకుంటూ పోయారు. బోరు నీటితో పాటే ఫ్లోరైడు పైకి వచ్చింది. పక్కనే కృష్ణమ్మ ఉండగా పిల్లల కాళ్లు వంకర్లు పోయాయి. 2004లో హైదరాబాదుకు కృష్ణా జలాలను తీసుకుపోయిన గొట్టాలు సైతం నల్లగొండ నేల మీదుగానే వెళ్లాయి. ఆ గొట్టాల పక్కన నిలబడి చూసినవారి కడుపుమంట ఎలాంటిదో చెప్పనక్కరలేదు.

ఆ కడుపుమంటకు దారి చూపినది జలసాధన సమితి. బ్యాంకు ఉద్యోగం వదిలివచ్చిన దుశ్చర్ల సత్యనారాయణ దానికి నాయకుడు. ధర్నాలు చేశారు, వినతిపత్రాలు ఇచ్చారు, పాదయాత్రలు చేశారు. ఢిల్లీ చెవికి ఎక్కలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి ఏకంగా 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. బ్యాలెటు ఒక్క కాగితంలో పట్టక పుస్తకంలా తయారైంది. దేశమంతా నల్లగొండ ఎక్కడుందని అడిగింది. చివరకు గెలిచింది సూర్యాపేటకు చెందిన సి.పి.ఐ. నాయకుడు ధర్మభిక్షం. కాని ఆ ఎన్నికల్లో గెలుపోటములను మించి వార్తకెక్కింది ఫ్లోరైడు. ఆ తర్వాత వాజపేయి ప్రధానిగా ఉన్న రోజుల్లో, మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన బాధితుడు అంశాల స్వామిని ఢిల్లీకి తీసుకువెళ్లి ప్రధాని కళ్ల ముందు ఉంచారు. ఎముకలు వంగి కుంచించుకుపోయిన ఆ మనిషిని చూశాక నివేదిక చదవవలసిన పని లేకపోయింది. స్వామి 2023 జనవరిలో కన్నుమూశారు.

ఆ ఉద్యమాన్ని ఆవేశంగా మాత్రమే చూస్తే పొరపాటు. అందులో లెక్క ఉంది. ఎవరిని వినిపించాలో వారికి తెలుసు: మండలాఫీసును కాదు, ఎన్నికల సంఘాన్ని, పార్లమెంటును, దేశంలోని పత్రికలను. ఏమి కావాలో ఒక్క మాటలో చెప్పారు: కృష్ణా నీరు. పక్కకు నెట్టడానికి వీలులేని మార్గం ఎంచుకున్నారు. పాలకులూ తమ పద్ధతిలో జవాబు చెప్పారనుకోండి. అదే ఏడాది చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. నీళ్ల కంటే ముందు డిపాజిట్టు పెరిగింది! అయినా ఆ మాట వృథా పోలేదు. దశలవారీగా కృష్ణా నీరు మెట్ట గ్రామాల వైపు మళ్లింది. 2015 జూన్‌లో మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లో నిలిపారు. ఫ్లోరైడు నేల మీద దానిని నిలపడం యాదృచ్ఛికం కాదు.

ఇక రెండో మాట. ఇక్కడ మన జిల్లా పేరు పెట్టుకున్న ఒక పద్ధతి కథ చెప్పుకోవాలి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1960లు, 70ల్లో ఫ్లోరైడును తొలగించే ఉపాయం ఒకటి రూపొందించింది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు తగు పాళ్లలో కలిపి, తిప్పి, తేర్చి, వడగట్టడం. అదే 'నల్లగొండ టెక్నిక్'. ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా, కెన్యాల దాకా ఈ పేరు పోయింది. ప్రపంచానికి తెలిసిన ఆ పద్ధతి నల్లగొండ ఇళ్లలో మాత్రం నిలబడలేదు. శాస్త్రం తప్పు కాదు. పటిక ఎంత వేయాలన్నది ఆ నీటిలోని ఫ్లోరైడును, క్షారాన్ని బట్టి మారుతుంది. రోజూ కలపాలి, ఆగాలి, అడుగున చేరిన మడ్డి పారబోయాలి. కూలికి పొద్దున్నే వెళ్లే తల్లి ఈ పనంతా ఎప్పుడు చేయాలి? నేర్పవలసినది ఎవరు, తప్పు చేస్తే దిద్దవలసినది ఎవరు, పటిక అయిపోతే ఎక్కడ దొరుకుతుంది? వీటికి జవాబు ముందే ఆలోచించకపోతే ఎంత గొప్ప ఉపాయమైనా అటకెక్కుతుంది.

ఇంకొక చిక్కు ఉంది. ఇది చాలామంది అధికారులకూ తట్టదు. నీళ్లు మరిగించి తాగండి అని మనకు చిన్నప్పటి నుంచి చెబుతున్నారు. కలరా, కామెర్లు, విరేచనాల విషయంలో ఆ మాట నూటికి నూరు పాళ్లు నిజం. ఫ్లోరైడు విషయంలో అదే మాట కీడు చేస్తుంది. మరిగిస్తే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై ఫ్లోరైడు మరింత చిక్కబడుతుంది. గుడ్డతో వడగట్టినా పోదు. మెట్ట గ్రామంలో బోరు నీరు అద్దంలా తేటగా ఉంటుంది, అందులో ఫ్లోరైడు ఉంటుంది. సాగర్ కాలువ నీరు మట్టిరంగులో ఉంటుంది, ఫ్లోరైడు తక్కువ, కాని రోగక్రిములుండే అవకాశం ఎక్కువ. సూర్యాపేట పక్కగా పారే మూసీ హైదరాబాదు మురుగును మోసుకొస్తూ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఒకే ఉమ్మడి జిల్లాలో మూడు రకాల నీళ్లు, మూడు రకాల ముప్పులు. మర్రిగూడలో చెప్పవలసిన మాట కోదాడలో చెబితే తప్పు, కోదాడలో చెప్పవలసినది మర్రిగూడలో చెబితే మరీ తప్పు. హైదరాబాదులో అచ్చువేసిన ఒకే పోస్టరు మూడు చోట్లా అతికిస్తే ఏమవుతుంది?

ఏమవుతుందో బంగ్లాదేశ్ చూసింది. చెరువు నీటితో పిల్లలు విరేచనాలపాలై చనిపోతుంటే 1970ల నుంచి అక్కడ లక్షలాదిగా గొట్టపుబావులు వేయించారు. గొట్టపుబావి నీరు క్షేమం అన్న మాట ఇంటింటికీ చేరింది. అంత బాగా జరిగిన ప్రచారాలు ప్రపంచంలో తక్కువ. 1993లో ఆ నీటిలో ఆర్సెనిక్ ఉందని తేలింది. అప్పుడు బావులను పరీక్షించి, చెడ్డవాటికి ఎర్ర రంగు, మంచివాటికి ఆకుపచ్చ రంగు వేశారు. కాని ఇరవై ఏళ్లు చెప్పి నమ్మించిన మాటను వెనక్కి తీసుకోవడం, బావి తవ్వినంత తేలిక కాలేదు. రంగు చూసి కూడా పాత బావినే వాడినవారు ఎందరో. తొందరలో ఒక్క నినాదం పట్టుకుని ఊరంతా చాటడంలో ఉన్న ప్రమాదం ఇది.

మన ఇళ్లకు, మన మస్జిదులకు ఈ విషయంతో ప్రత్యేకమైన సంబంధం ఉంది. నీటి గురించి ముస్లిం కుటుంబంలో జరిగినంత చర్చ మరెక్కడా జరగదేమో. ఈ నీళ్లు పాక్‌యేనా, వుజూకు పనికివస్తాయా అని చిన్నపిల్లలు కూడా అడుగుతారు. రంగు, రుచి, వాసన మారలేదా అని చూస్తాం. ఆ మూడూ మారకపోతే నీరు పాక్ అని పెద్దలు చెప్పారు. సమస్య ఇక్కడే ఉంది. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, నీటిలో ఉండే మోతాదులో రుచీ తెలియదు. అంటే ఫ్లోరైడు నీరు వుజూకు నిక్షేపంగా పనికివస్తుంది, పసిపిల్లలకు తాగించడానికి పనికిరాదు. ఈ రెండూ వేర్వేరు సంగతులని మనకు ఎవరూ విడమరచి చెప్పలేదు. మస్జిదు బోరు నుంచి మొహల్లాలోని వారంతా, హిందువులు, ముస్లిములు అన్న తేడా లేకుండా బిందెలు నింపుకుంటారు. ఇది మంచి సంప్రదాయం. మదీనాలో రూమా బావిని కొని ప్రజలకు వదిలివేసిన హజ్రత్ ఉస్మాన్ (రజి) వారి బాటే అది. కాని మస్జిదు నీరు కాబట్టి పాక్, పాక్ కాబట్టి మంచినీరు అని అనుకుంటూ పోతున్నాం. ఆ బోరును ఎప్పుడైనా పరీక్షించారా? లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. మీ మస్జిదు బోరులో ఎంతుందో కమిటీలో ఎవరికైనా తెలుసా? ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు చిగుళ్ల లోపల పళ్లు తయారవుతున్నప్పుడే దెబ్బ తగులుతుంది. ఒకసారి పట్టిన గార మళ్లీ పోదు. వంగిన ఎముక నిటారు కాదు.

మతపెద్దలు, ఇంజనీర్లు కలిసి కూర్చున్న సందర్భాలు లేకపోలేదు. 1978లో సౌదీ అరేబియాలోని ఉలమాల మండలి, శుద్ధి చేసిన మురుగునీటిని తిరిగి వాడవచ్చా అన్న ప్రశ్న మీద ఇంజనీర్లను, శాస్త్రజ్ఞులను పిలిచి అడిగి, వారి జవాబు విన్నాకే తీర్పు చెప్పింది. 1990ల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అలెగ్జాండ్రియా కార్యాలయం ఇస్లాంలో నీరు, పారిశుద్ధ్యం అన్న విషయం మీద ఒక చిన్న పుస్తకమే వెలువరించింది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2006లో మొదలుపెట్టిన పథకంలో ఇమాములు జుమా ప్రసంగాల్లో చేతులు కడుక్కోవడం, మరుగుదొడ్డి వాడకం గురించి చెప్పారు. ఇమాము ఇంజనీరు కావాలని ఎవరూ కోరడం లేదు. కాగితం మీద వచ్చిన అంకెను తన మాటల్లో చెబితే చాలు.

మరుగుదొడ్ల సంగతి కొంచెం భిన్నం. 1999లో సంపూర్ణ పారిశుద్ధ్య ప్రచారం, 2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ వచ్చాయి. ఇంటికి 12,000 రూపాయలిచ్చారు. ప్రచారం కోసం కూడా పథకం ఖర్చులో 8 శాతం దాకా కేటాయించే వీలు కల్పించారు. ఆ డబ్బులో చాలా భాగం గోడరాతలకు, ర్యాలీలకు, ఫొటోలకు పోవడం మనం చూసినదే. ఆడవారి పరువు కోసం మరుగుదొడ్డి కట్టండి అన్న నినాదం ఒకటి మారుమోగింది. దాంతో చాలామంది మగవారు అది ఆడవారికి మాత్రమేనని అనుకుని చెంబు పట్టుకుని బయటికే వెళ్లారు. నినాదం రాసినవారు దీన్ని ఊహించలేదు. ఎవరినైనా అడిగి రాసి ఉంటే తెలిసేది.

ముస్లిం కుటుంబాల్లో మరుగుదొడ్డి వాడకం మొదటి నుంచీ ఎక్కువే. మైఖేల్ గెరూసో, డీన్ స్పియర్స్ అనే ఆర్థికవేత్తలు 2018లో ప్రచురించిన అధ్యయనం ఒక ఆసక్తికరమైన విషయం చెప్పింది. భారతదేశంలో ముస్లిములు సగటున పేదవారైనా వారి శిశువులు బతికే అవకాశం ఎక్కువగా ఉండడానికి ముఖ్య కారణం, చుట్టుపక్కల ఇళ్లవారు మరుగుదొడ్డి వాడడమే. ఇంట్లో ఉండడం కాదు, బస్తీ అంతటా ఉండడం. వినడానికి బాగుంది. అయితే మొహల్లాల్లో నడిచి చూడండి. సెప్టిక్ ట్యాంకు గొట్టం నేరుగా మోరీలోకి, ఆ మోరీలో నుంచే నల్లా పైపు. నీరు వచ్చేది రోజులో కాసేపు. మిగతా సమయంలో పైపులో ఒత్తిడి ఉండదు. ఎక్కడ చిన్న పగులున్నా మోరీ నీరు లోపలికి చేరుతుంది. దానికి తోడు మనం నల్లాకు నేరుగా మోటారు బిగిస్తాం. మోటారు పక్కింటి వాటా నీటినే కాదు, మోరీ నీటిని కూడా పీలుస్తుంది. ఫిల్టరు బెడ్ల దగ్గర శుద్ధి అయిన నీరు మన వీధిలో మనమే చెడగొట్టుకుంటున్నాం. ఈ ముక్క ఏ పోస్టరు మీదా నాకు కనబడలేదు. మోటారు తీసేయండి అంటే ఎవరికి ఇష్టం? ఓట్లు అడిగేవారు చెప్పరు.

నల్లా నీళ్లు బ్లీచింగ్ వాసన వస్తున్నాయని ఖాలా అన్నారు. అందుకే తాగరట. నిజానికి నల్లా దగ్గర కాస్త క్లోరిన్ మిగిలి ఉండాలి, లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా. అది దారిలో చేరే క్రిములకు కాపలా. ఆ లేత వాసన మంచికే గుర్తు. బిందెలో పట్టి మూత కొంచెం తెరిచి కొద్దిసేపు ఉంచితే తగ్గుతుంది. క్యాను నీటిలో ఏ వాసనా లేదు. కాని ఆ ప్లాంటువారు క్యాను లోపల ఎప్పుడు కడిగారో, నీటిని ఎప్పుడు పరీక్షించారో మనం అడగం. వారి బోరు నుంచి తోడిన నీటిలో ఎంత భాగం వృథాగా మోరీ పాలవుతుందో కూడా అడగం. పారే నది ఒడ్డున వుజూ చేస్తున్నా నీరు దుబారా చేయరాదన్నది ప్రవక్త (స) బోధన అని మాత్రం అందరికీ తెలుసు.

మరి ఈ రెండో మాటను ఎలా సిద్ధం చేయాలి? నా ఉద్దేశంలో పోస్టరు దగ్గర కాదు, ఖాలా దగ్గర మొదలుపెట్టాలి. ఆమె ఇప్పుడేం చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు, ఎవరి మాట వింటారు? ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, ఉర్దూ చదవడం వచ్చినవారు పెద్దలు మాత్రమే. పిల్లలు చదివేది తెలుగు, ఇంగ్లీషు. కాబట్టి ఉర్దూ కరపత్రం పిల్లలకు అందదు, తెలుగు కరపత్రం నానీకి అందదు. నోటిమాటే శరణ్యం. ఆశా కార్యకర్త, మదరసాలో పిల్లలకు చదువు చెప్పే ఆపా, పక్క వీధి డాక్టరు, వీరిలో ఎవరు చెబితే ఆమె క్యాను మానేస్తారు? 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పించాలన్న ఏర్పాటు ఉంది. మీ గ్రామంలో ఆ ఐదుగురు ఎవరో కనుక్కోండి. వారిలో మన మొహల్లా వారు ఉన్నారా? లేకపోతే పంచాయతీలో అడగాలి. అడగడం మన జిల్లావారికి కొత్త కాదు. ఇక పని జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఎన్ని కరపత్రాలు పంచారన్న లెక్క కాదు కావలసింది. ఎన్ని ఇళ్లు నల్లాకు మోటారు తీశాయి, ఎన్ని మస్జిదు బోర్లకు పరీక్ష కాగితం ఉంది, ఎన్ని ఇళ్లలో క్యాను ఆగింది, ఇవి కావాలి.

మధ్యాహ్నం చాయ్ తాగుతూ ఇదంతా ఖాలాకు చెప్పాను. మస్జిదు బోరు నీళ్లు, ఇంటి నల్లా నీళ్లు చెరొక సీసాలో పట్టి ల్యాబుకు తీసుకువెళతానని, ఫలితం రాగానే నమాజు వేళల బోర్డు పక్కనే, అందరికీ కనబడేలా, తెలుగులో ఉర్దూలో రాయించి అతికిస్తామని కాస్త గర్వంగానే చెప్పాను. ఆమె సీసాలు వెతికి, కడిగి తెచ్చి ఇచ్చారు. ఇస్తూ అన్నారు: "మస్జిదుల అతికిస్తే నేనెట్ల చూస్త బేటా? కడవ ముంచేది మేము. మాకు ఇంటికొచ్చి చెప్పుండ్రి."